సత్తియ్య కట్టిన నాలుగో బండి

నేను ఒక బండిని. ఇల్లని కొందరన్నారు. చక్రాలున్న గది అని ఒక గుమాస్తా తన కాగితాల్లో రాసుకున్నాడు. ఈ మధ్య బెజవాడలో ఒకావిడ నా పక్క రేకు ఊడదీసి, లోపలికి తొంగిచూసి, పడవ అంది. పదహారడుగుల పొడుగు, ఆరున్నర అడుగుల వెడల్పు, రెండు చక్రాలు, ముందు ఒక కొక్కెం. ఇంజను లేదు. జీపో ట్రాక్టరో నన్ను తగిలించుకుని లాక్కుపోవాలి. ఎక్కడ విప్పితే అక్కడే నా కాపురం. ఇలాంటి వాటిని ఇప్పుడు కారవాన్ అంటున్నారు. నన్ను కట్టినాయన మాత్రం ఇంటిబండి అనేవాడు. నాకూ ఆ మాటే అలవాటు.

ఆయన పేరు సంగాని సత్తియ్య. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో తాళ్ళరేవు అనే ఊరుంది. అక్కడ తరతరాలుగా చెక్కతో పెద్ద పెద్ద పడవలు కడతారు. సత్తియ్య ఆ పని చేసే వడ్రంగి. లారీలు వచ్చాక సరుకు పడవలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రోజుల్లో ఒక పొగాకు వ్యాపారి, ఊరూరా తిరిగేటప్పుడు పడుకోవడానికి ఏదైనా కట్టిపెట్టగలవా అని అడిగాడట. మిగతా వడ్రంగులు నవ్వారు. సత్తియ్య నవ్వలేదు. "నీళ్ళ మీద నడిచే ఇల్లు కట్టినోడికి నేల మీద నడిచేది కట్టడం ఎంతసేపు?" అని, సామాను నెత్తిన పెట్టుకుని కాకినాడ జగన్నాథపురంలో ఉప్పుటేరు ఒడ్డున ఒక పాక వేశాడు.

భార్య లేదు. ఒక్కతే కూతురు, నూకరత్నం. నన్ను కట్టేనాటికి దానికి పదమూడేళ్ళు. సత్తియ్యకు చదువు రాదు. ఆయన కొలత చెప్పేవాడు, ఆ పిల్ల బడి నోటుపుస్తకంలో రాసేది. పాక ముందు బల్ల మీద "చుక్కాని కోచ్ వర్క్స్" అని సున్నంతో రాసింది కూడా ఆ పిల్లే. పడవకి దారి చూపించేది చుక్కాని కాబట్టి ఆ పేరు బావుంటుందంది. తండ్రి సరేనన్నాడు.

పంతొమ్మిదివందల యాభై ఏడు వేసవిలో నేను పుట్టాను. టేకు పలకలకి ఆవిరి పట్టించి, పడవ పక్కటెముకల్లా వంచారు. ఇనుప మేకు ఒక్కటి కూడా వాడలేదు. రాగి మేకులు కొట్టి, అవతలికి వచ్చిన మొనను కొక్కెంలా వెనక్కి మడిచి మళ్ళీ చెక్కలోకే దించారు. నీళ్ళు దిగకుండా, పడవకి చేసినట్టే సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పోశారు. ఆ పైన అల్యూమినియం రేకు కప్పారు. అన్నిటికన్నా ఆయన ఎక్కువ రోజులు కూర్చున్నది నా పైకప్పు దగ్గర. దాని నడిమి భాగం విడిగా ఉంటుంది. లోపల మంచం కింద నుంచి వచ్చే కర్రను పట్టి లాగితే జానెడు ఎత్తున పైకి లేస్తుంది. గాలి ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి పోతుంది.

"వానకి మూసుకోవాలి, ఎండకి తెరుచుకోవాలి. నెత్తి మీద కిటికీ లేకపోతే ఉడికి చస్తారే మనుషులు" అన్నాడు కూతురితో.

నన్ను కొన్నాయన పన్నాల సోమయాజులు అనే సర్వే ఇంజనీరు. సీలేరు మీది కొండల్లో నీటి లెక్కలు కట్టే ఉద్యోగం. కొత్తగా పెళ్ళయింది. ఆయన భార్య తాయారమ్మ గుడారంలో ఒక్క రాత్రి ఉండి, తెల్లారగానే, "ఆ తేళ్ళతో కాపురం మీరు చేసుకోండి, నేను చెయ్యను" అని చెప్పేసిందట. నదుల్ని మళ్ళించగలనని నమ్మిన ఇంజనీరు ఆ ఒక్క మాటకి ఎదురు చెప్పలేక జగన్నాథపురం వచ్చాడు.

నా తలుపు పక్కన ఒక ఇత్తడి బిళ్ళ బిగించారు. దాని మీద పాక పేరు, ఊరి పేరు, నాలుగు అనే అంకె. నాకు ముందు మూడు వెళ్ళాయన్నమాట. నూకరత్నం నా చక్రానికి పసుపు రాసి, కుంకం పెట్టి, గేటు పక్కన నిలబడింది. జీపు నన్ను లాక్కుని ఆ గేటు దాటింది.

అక్కణ్ణుంచి నాకు తెలియనివి మొదలయ్యాయి. నా తర్వాత ఇంకెన్ని కట్టాడు? నాకంటే ముందు వెళ్ళినవి ఎక్కడ తిరుగుతున్నాయి? ఆ తండ్రీకూతుళ్ళు ఏమయ్యారు? చక్రాలున్నా సొంతంగా కదల్లేని వస్తువుకు తెలుసుకోవాలన్న ఆశ ఉండటం కొంచెం నవ్వొచ్చే సంగతే. అయినా ఆ ఆశ నన్ను వదల్లేదు.

కొండల్లో తాయారమ్మ నన్ను ఇల్లు చేసింది. నా గోడకి అద్దం తగిలించింది, అరల్లో ఊరగాయ జాడీలు పేర్చింది. ఇంజనీరు పగలంతా వాగులు కొలిచి వచ్చి, నా మెట్టు మీద కూర్చుని పై అధికారులకి అడవిలో పడుతున్న కష్టాలు రాసేవాడు. లోపల భార్య పోపు వేస్తుంటే ఆయన కలం ఆగిపోయేది. అయినా కష్టాల గురించి పేజీ నింపకుండా లేచేవాడు కాదు.

నాలుగో ఏడు ఒక మధ్యాహ్నం సత్తియ్య వచ్చాడు. కాళ్ళ నిండా దుమ్ము, చంకలో సంచి.

"ఇటేపు పనుండి వచ్చానండి. ఓసారి చూసి పోదారని" అన్నాడు తాయారమ్మతో.

ఆయన నా చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. వంగి అడుగు చూశాడు. సందు మీద బొటనవేలి గోరు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరి దాకా గీసుకుంటూ పోయాడు.

"వానకి కారిందాండి?"

"ఒక్క చుక్క లేదు సత్తియ్యా. మా ఆయన లెక్కలు కడుతున్న ఆనకట్ట కూడా ఇలాగే ఉంటే బావుండును."

ఆయన తల వంచుకుని నవ్వాడు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, అరచేయి ఒకసారి నా పక్కన ఆనించి, కొండ దిగి వెళ్ళిపోయాడు. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

సర్వే పని అయిపోయాక ఇంజనీరు దంపతులు పట్నం వెళ్ళిపోయారు. నన్ను చింతపల్లి వైపు ఒక మిషన్ ఆసుపత్రి తీసుకుంది. దానికి పెద్ద ఒక తెల్ల డాక్టరమ్మ. ఆవిడ నాలోకి ఎక్కింది మహా అయితే పది సార్లు. నాలో ఉండి ఊళ్ళు తిరిగింది ఎస్తేరు అనే మంత్రసాని నర్సు. నాలో ముప్ఫై ఒక్కమంది పుట్టారు. ప్రతి పుట్టుకకీ ఎస్తేరు కిటికీ చట్రం మీద పెన్సిలుతో ఒక గీత గీసేది. ఒక్కో తల్లి నొప్పులు ఓర్చుకోలేక మంచం కింది కర్రను గట్టిగా పట్టుకునేది. అదెందుకుందో అప్పటికే అందరూ మరిచిపోయారు. వానలకు భయపడి ఎవరో నా పైకప్పు మీద తారు పోయించారు. నా నెత్తి మీద కిటికీ అలా మూసుకుపోయింది. ఊళ్ళు తిరిగి కాన్పులన్నీ ఎస్తేరు చేస్తే, చుట్టుపక్కల జనం మాత్రం నన్ను దొరసాని బండి అన్నారు. దొరసాని ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించుకుందని ఒకరన్నారు. రెండో మనిషి దానికి ఓడ పేరు కూడా చేర్చాడు.

ఆసుపత్రికి కొత్త వ్యాను వచ్చాక నన్ను నర్సీపట్నం దగ్గర ఒక జీడితోటలోకి చేర్చారు. ముప్ఫై ఏళ్ళు జీడిపిక్కల గోనెలతో ఉన్నాను. తోట కాపలా మనిషి ఒకనాడు నా ఇత్తడి బిళ్ళ ఊడదీసి, చిల్లుపడిన బకెట్టుకి మాటు వేసుకున్నాడు. నా పుట్టుక చెప్పే ఒకే ఒక్క కాగితం లాంటిది అలా బావి దగ్గర నీళ్ళు మోసింది. ఆయన్ని తప్పు పట్టను. ఆ బకెట్టు మళ్ళీ కారలేదు.

ఒకరోజు తెల్లటి కారు వచ్చి ఆగింది. దిగినాయన దండు రఘునాథరాజు. భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి, హైదరాబాదులో మేడ ఉంది, పాత కార్లంటే ప్రాణం. దొరసాని బండి సంగతి ఎవరో చెప్పారట. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం మీది మట్టి రుమాలుతో తుడిచి, "ఇంగ్లీషువాడి పనితనం చూడండి!" అన్నాడు పక్కనున్నాయనతో. అరవై రెండేళ్ళ తర్వాత నా పనితనాన్ని ఒక మనిషి మెచ్చుకున్నాడు. అది ఎవరిదో మాత్రం ఆయనకి తెలీదు.

నన్ను బెజవాడ ఆటోనగర్‌లో మస్తాన్‌బీ షెడ్డుకి చేర్చారు. బస్సులకు బాడీలు కట్టే షెడ్డు అది. భర్త పోయాక పదేళ్ళుగా ఆవిడే నడుపుతోంది. యాభై దాటిన మనిషి. కొంగు నడుముకి బిగించి, ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, చేత్తో తడిమితే గానీ ఏ వస్తువునీ నమ్మదు. ఫిబ్రవరిలో హైదరాబాదులో పాత బళ్ళ ప్రదర్శన ఉందనీ, అప్పటికి నన్ను కొత్తదాన్లా చేసివ్వాలనీ రాజుగారు చెప్పి వెళ్ళాడు.

మూడో రోజు నా ఎడమ పక్క రేకు ఊడదీసింది. లోపలికి తొంగిచూసింది. తర్వాత రంగులు వేసే దావీదు మేస్త్రీని పిలిచింది.

"మేస్త్రీ, ఇటు రా. ఈ సందులో ఏముందో చూడు."

దావీదు గోటితో గీకి వాసన చూశాడు. "గుగ్గిలంలా ఉందమ్మా. లోపల దూది కూడా ఉంది. బండికి దూదెందుకు పెట్టారు?"

"అదే నేనూ అడుగుతున్నా. ఈ మేకు చూడు, మొన మడిచి మళ్ళీ లోపలికి దించాడు. ముప్ఫై ఏళ్ళుగా బాడీలు చూస్తున్నా, ఇలా కొట్టినోణ్ణి చూళ్ళేదు." ఆవిడ వెనక్కి జరిగి నన్ను నిలువునా చూసింది. "ఇది బండి కాదు మేస్త్రీ, పడవ. పడవకి చక్రాలు పెట్టారు."

"ఇంగ్లండులో అలా చేస్తారేమో."

"ఇంగ్లండులో గుగ్గిలం పోస్తారా?"

ఆ మర్నాడు ఆవిడ ఒక రాగి మేకును రుమాలులో కట్టుకుని కృష్ణ ఒడ్డుకి పోయింది. పడవలు బాగుచేసే ఒక ముసలాయన దాన్ని అరచేతిలో దొర్లించి, "ఈ మడత తాళ్ళరేవోళ్ళది, మేం ఇలా కొట్టం" అన్నాడట. నా సందుల్లో గుగ్గిలం మళ్ళీ మెత్తబడినట్టనిపించింది నాకు. అరవై ఏళ్ళ తర్వాత ఆ ఊరి పేరు విన్నాను.

ఆవిడకి చేతినిండా పనుంది. రెండు బస్సులు సగంలో ఉన్నాయి. అయినా ఆదివారం పూట బస్సెక్కి తాళ్ళరేవు వెళ్ళింది. తిరిగొచ్చి, అన్నం క్యారేజీ విప్పుకుంటూ దావీదుకి చెబుతుంటే నేను ఒక్క మాట కూడా వదలకుండా విన్నాను.

"రేవు దగ్గర పోతురాజని ఎనభై ఏళ్ళ వడ్రంగి ఉన్నాడు. ఫొటో చూపించా. చూడగానే నవ్వాడు. పిచ్చి సత్తియ్య బండి కదండీ ఇది అన్నాడు. పిచ్చేంటయ్యా అంటే, పడవలు కట్టేవాడు పడవలు మానేసి ఇళ్ళకి చక్రాలు తగిలించుకుంటూ పోతే పిచ్చి కాకపోతే ఏంటండీ అన్నాడు. కూతురుందట. కాకినాడలోనే."

"వెళ్ళావా?"

"వెళ్ళకుండా వస్తానా? మునిసిపల్ బళ్ళో కుట్టుపని నేర్పే టీచరుగా చేసి రిటైరైందట. తలుపు సగమే తీసింది. సత్తియ్యగారమ్మాయిని నేనే, మీరూ నవ్వడానికొచ్చారా అంది." మస్తాన్‌బీ ముద్ద చేతిలోనే ఆపింది. "నేను ఫోనులో ఫొటో తీసి చేతికిచ్చా. చాలాసేపు చూసింది. చూసి, కిటికీ లోపలి మూల గుండ్రంగా ఉందా అనడిగింది. ఉందమ్మా అన్నా. అది మా నాన్న బొటనవేలు పట్టేటంత ఉంటుంది, ఆయన వేలితోనే కొలిచేవాడు అంది. అప్పుడు తలుపు మొత్తం తీసింది."

నూకరత్నం బతికే ఉంది. డెబ్బై అయిదేళ్ళట.

మస్తాన్‌బీ సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. అట్ట లేదు, అంచులు పురుగు కొట్టాయి. పేజీకొక బండి చొప్పున ఏడు బొమ్మలు. ప్రతి బొమ్మ కింద చిన్నపిల్ల చేతిరాతలో కొలతలు. దావీదు కళ్ళజోడు పెట్టుకుని నాలుగో పేజీలో కొలత చదివితే, మస్తాన్‌బీ టేపు పట్టి నన్ను కొలిచింది. పదహారడుగులు, ఆరున్నర, ఇరుసు నుంచి గుమ్మానికి ముప్ఫై ఒక్క అంగుళాలు. ఒక్క అంకె తప్పలేదు.

మిగతా కథ కూడా అప్పుడే తెలిసింది. ఏడో బండి జయపురం వైపు ఒక కలప కంట్రాక్టరుకి కట్టాడు సత్తియ్య. కొండదారి బాగాలేదని దాని వెంట తనే వెళ్ళాడు. దారిలో చలిజ్వరం పట్టుకుంది. తిరిగొచ్చి పదిరోజులు మంచంలో ఉండి పోయాడు. నూకరత్నానికి అప్పుడు ఇరవై. ఊళ్ళోవాళ్ళు పరామర్శకి వచ్చి, పడవలు వదిలేశాడు కాబట్టే ఇలా అయిందన్నారు. యాభై అయిదేళ్ళుగా ఆ మాటే ఆయన పేరుకి అతుక్కుని ఉంది. ఏడు బళ్ళలో ఒక్కటైనా మిగిలి ఉందని ఆ కూతురికి ఎవరూ చెప్పలేదు.

నాకు మజ్జిగ తాగి కొండ దిగిపోయిన మనిషి గుర్తొచ్చాడు. ఆ రోజు ఆయనకి అటువైపు నిజంగా పనుందో లేదో నాకిప్పటికీ తెలీదు.

జనవరి నెలాఖరుకి నా పని దాదాపు పూర్తయింది. రాజుగారు వచ్చాడు. నా చుట్టూ తిరిగి మురిసిపోయి, జేబులోంచి వెల్వెట్ గుడ్డలో చుట్టిన కొత్త ఇత్తడి బిళ్ళ తీశాడు. దాని మీద ఒక ఇంగ్లీషు కంపెనీ పేరు చెక్కించాడు.

"దీన్ని తలుపు పక్కన బిగించండి మస్తాన్‌బీగారూ. పాత గుర్తులు అక్కడే ఉన్నాయి కదా."

ఆవిడ బిళ్ళ అందుకోలేదు. "ఇది ఇంగ్లీషువాళ్ళది కాదండీ రాజుగారూ. మన కాకినాడలో కట్టింది." నోటుపుస్తకం తెచ్చి చూపించింది, దూది చూపించింది, మేకు చూపించింది.

రాజుగారు ఓపిగ్గానే విన్నాడు. "పుస్తకం ఎవరైనా రాయొచ్చండి. మేకులు తర్వాత ఎవరో రిపేరు చేసినప్పుడు కొట్టుంటారు. దొరసాని ఓడలో తెప్పించిందని ఊరంతా చెబుతోంది."

"ఊరు చెప్పిందండి. బండి చెప్పలేదు."

"ఆహ్వానాలు అచ్చయిపోయాయండీ. ఇంగ్లండు నుంచి వచ్చిన కారవాన్ అని వేయించాను. ఇప్పుడు కాకినాడంటే నలుగురూ నవ్వుతారు."

"కాకినాడంటే నవ్వెందుకొస్తుందండి?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నా షెడ్డులో ఏ బస్సు మీదైనా వేరేవాళ్ళ పేరు చూశారా మీరు? నా మొగుడు చచ్చిపోయినా ఆయన పేరే వేస్తున్నా. ఈ బిళ్ళ నా చేత్తో బిగించను."

రాజుగారి ముఖం ఎర్రబడింది. సోమవారం ట్రాక్టరు పంపిస్తానని, మిగతా పని వేరేచోట చేయించుకుంటానని లేచాడు. ఆవిడ ఒక్కటే అడిగింది. "ఆదివారం పొద్దున ఒక్క గంట రండి. కట్టినాయన కూతురు, ఆ పెద్దావిణ్ణి పిలిపిస్తా. ఆమె బండిని చూశాక మీ ఇష్టం." ఆయన వస్తానని గానీ రానని గానీ అనలేదు.

ఆదివారం వచ్చాడు, చేతి గడియారం చూసుకుంటూ. కాసేపటికి నూకరత్నం ఆటో దిగింది. సన్నగా ఉంది, తెల్లటి ముడి, చేతిలో గుడ్డసంచి. తిన్నగా నా దగ్గరికి వచ్చింది. చక్రానికి పసుపు రాసిన పిల్లని ఆ ముఖంలో వెతికాను. దొరకలేదు. మెట్టు మీద కాలు పెట్టి లోపలికి ఎక్కినప్పుడు, ఏది ఎక్కడుందో వెతుక్కోకుండా ఆమె చేతులు కదిలిన తీరులో దొరికింది.

లోపలంతా చూసి, మంచం పక్కన కర్ర దగ్గర ఆగింది. దానికి మస్తాన్‌బీ మనుషులు తుడిచే గుడ్డలు తగిలించారు.

"ఇది గుడ్డలారేసుకునే కర్ర కాదమ్మా" అంది, ఒక్కొక్క గుడ్డా తీసి మడతపెడుతూ. "కాస్త కొబ్బరినూనె ఉందా?"

నూనె తెచ్చారు. కర్ర మొదట్లో, పైన కప్పు సందులో నూనె పోయించింది. తారంతా మస్తాన్‌బీ ఎప్పుడో గీకించేసింది గానీ, ఆ సందు ఎందుకుందో ఆవిడకీ అర్థం కాలేదు. "ఓ అరగంట ఆగాలండి" అంది నూకరత్నం రాజుగారితో. ఆయన బయట స్టూలు మీద కూర్చున్నాడు. ఆ అరగంట నాకు జీడితోట ముప్ఫై ఏళ్ళ కంటే పొడుగనిపించింది. అరవై ఏళ్ళుగా కదలని కీలు అది. విరిగిపోతే? ఆమె మాట అబద్ధమని అందరి ముందూ నేనే తేల్చినట్టవుతుంది.

ఆమె రెండు చేతులతో కర్ర పట్టుకుని లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. నాలో ఎక్కడో చెక్క మూలిగింది. మస్తాన్‌బీ వెళ్ళి ఆమె చేతుల పక్కన తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి లాగారు. నా పైకప్పు నడుమ జానెడు ఎత్తున లేచి నిలబడింది. ఎండ లోపలికి పడింది, దాని వెనకే గాలి వచ్చింది. నూకరత్నం తలెత్తి అలాగే నిలబడిపోయింది. ముఖం మీద నుంచి ఎండ పోకుండా కళ్ళు మాత్రం మూసుకుంది.

రాజుగారి ఫోను మోగుతోంది. ఆయన తియ్యలేదు. లేచి లోపలికి వచ్చి, కర్ర మొదలు వెతుక్కుంటూ నేల మీద బోర్లా పడుకున్నాడు. తెల్లచొక్కా నిండా మసి.

"ఎక్కడా ఇనుము లేదండీ! ఓడలో సరుకుల అర మీది మూత ఎత్తే పద్ధతిది" అన్నాడు మంచం కింద నుంచి. "ఇంగ్లీషు బళ్ళు నా దగ్గర రెండున్నాయి. వాటిల్లో ఇలాంటిది లేదు. అమ్మా, నేనొకసారి లాగొచ్చా?"

ఆయన అయిదుసార్లు మూసి అయిదుసార్లు తెరిచాడు. ఆరోసారి మస్తాన్‌బీ, "నూనె ఇంకా లోపలికి దిగలేదండీ, ఇక చాలు" అని ఆపాల్సి వచ్చింది.

తర్వాత వెల్వెట్ గుడ్డ తీసి, ఇంగ్లీషు బిళ్ళను మళ్ళీ అందులో చుట్టేశాడు. "ఏం రాయించమంటారమ్మా?" అన్నాడు.

నూకరత్నం ఆలోచించుకోనక్కర్లేకుండా చెప్పింది. "సంగాని సత్తియ్య, వడ్రంగి, తాళ్ళరేవు. అంతేనండి. పాక పేరు నేను పెట్టింది, అదొద్దు."

"మరి మీకేం కావాలి? మొహమాటపడకండి."

ఈసారి ఆమె కొంచెంసేపు ఆగింది. "ఏడు బళ్ళకీ కొలతలు రాశానండి. ఒక్కదాంట్లోనూ అడుగు దూరం వెళ్ళలేదు. తయారైన రోజే పంపేసేవోడు నాన్న. దీంట్లో కూర్చుని ఒకసారి వెళ్ళాలని ఉందండి."

హైదరాబాదు ప్రదర్శనలో నన్ను చాలా మెరిసే కార్ల మధ్య నిలబెట్టారు. ఆహ్వానంలో ఒక మాట, బిళ్ళ మీద ఒక మాట ఉండటంతో వచ్చినవాళ్ళు రాజుగారిని అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరికీ ఆయన మొదటినుంచీ చెప్పాడు. కప్పు ఎత్తి చూపించి మరీ చెప్పాడు. సగం మంది వినకుండా పక్క కారు దగ్గరికి పోయారు. నవ్వినవాళ్ళూ ఉన్నారు. దంపతులిద్దరు మాత్రం మస్తాన్‌బీ ఫోను నంబరు అడిగి రాసుకున్నారు. జయపురం అవతల, కోరాపుట్ దగ్గర అడవి డిపోలో ఇలాంటి వంపున్న పెట్టె ఒకటి చూశామని అన్నారట. మస్తాన్‌బీ నోటుపుస్తకంలో ఏడో పేజీ ఫొటో తీసి వాళ్ళకి పంపింది. జవాబు కోసం చూస్తోంది. నేనూ చూస్తున్నాను.

మార్చిలో రాజుగారు నన్ను జీపుకి తగిలించి తాళ్ళరేవు తీసుకెళ్ళాడు. తనే నడిపాడు. పెద్దరోడ్డు మీద లోపల మనుషుల్ని కూర్చోబెట్టకూడదట. అందుకని ఊరి పొలిమేర దాకా నూకరత్నం జీపులో కూర్చుంది. అక్కడ దిగి నాలోకి ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. మస్తాన్‌బీ ఎదురుగా కూర్చుంది. జీపు మనిషి నడిచేంత నెమ్మదిగా కదిలింది.

పడవలు కట్టేచోట పని ఆపి వడ్రంగులు వచ్చారు. ముందు పోతురాజు. నా పక్కన వేలిముడులతో కొట్టి చప్పుడు విన్నాడు. ఇద్దరు నా కిందికి దూరారు. ఒకాయన ఇరుసు పక్కన మడిచిన మేకు తడిమి, ఇది ఆవిరి పట్టించి వంచిందా, నీళ్ళలో నానబెట్టి వంచిందా అని మొదలుపెట్టాడు. రెండో ఆయన కాదన్నాడు. నలుగురు చేరి గట్టిగా వాదించుకోవడం మొదలైంది. అక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు.

"సత్తియ్య మావ దగ్గర నేను మూడేళ్ళు బాడిశ పట్టి పని నేర్చుకున్నాను" అన్నాడు పోతురాజు, ఎవరూ అడక్కుండానే. "ఈ వంపు నాకు చూపించాడు. నాకు రాలేదు." ఆ తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి, లోపల కూర్చున్న మనిషి వంక చూసి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "రత్తమ్మా, తప్పుగా అన్నానే" అన్నాడు.

ఆమె తలూపింది. 

రాజుగారు వచ్చి నా తలుపు తీశాడు. "వచ్చేశామమ్మా. దిగుతారా?"

నూకరత్నం లేవలేదు. కిటికీలోంచి ముందుకు చూస్తోంది. రేవు దాటి, మడచెట్ల పక్క నుంచి రోడ్డు ఇంకా పోతోంది.

"ఈ రోడ్డు ఎందాకా ఉందండి?"

"కోరంగి దాకా ఉందమ్మా."

"అయితే పోనివ్వండి."

రాజుగారు తలుపు వేసి, వెళ్ళి జీపెక్కాడు.